టాసిటస్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌ను మొదటిసారి పట్టుకున్నప్పుడు నలభై పేజీలకే చేతులెత్తేశాను. ఆయన పుస్తకాల్లో అన్నిటికన్నా గొప్పది, రోమ్ తొలి చక్రవర్తుల చరిత్ర చెప్పే ‘ఆనల్స్’ అని ఎవరో అంటే నేరుగా అందులోకి దూకాను. పేజీకి పది కొత్త పేర్లు. అగ్రిప్పినా అంటే తల్లా, కూతురా? డ్రూసస్ అంటే ఏ డ్రూసస్? తల తిరిగి పక్కన పెట్టేశాను. కొన్నేళ్ల తర్వాత వేరే దారిలో వెళ్తే అదే రచయిత వదలకుండా చదివించాడు. ఆ దారే ఇక్కడ చెబుతున్నాను. రోమ్ చరిత్ర ముందే తెలిసి ఉండక్కర్లేదు, లాటిన్ అసలే అక్కర్లేదు. రోజుకో అరగంట, రెండు మూడు నెలల ఓపిక ఉంటే చాలు.

ఇంత కష్టపడి ఎందుకు చదవాలంటే నా దగ్గర ఒకటే జవాబు. ఒక దేశంలో స్వేచ్ఛ ఎలా జారిపోతుందో, అందులో చదువుకున్న మర్యాదస్తుల చెయ్యి ఎంత ఉంటుందో ఇంత దగ్గరగా చూపించినవాడు నాకు ఇంకొకడు కనబడలేదు. పైగా ఆ చేతుల్లో తన చేతులూ ఉన్నాయని ఒప్పుకున్నాడు.

ముందు మనిషిని తెలుసుకోండి

టాసిటస్ పుట్టింది సుమారు క్రీ.శ. 56లో. ఆయన దూరంగా కూర్చుని రాసిన పండితుడు కాదు, సెనేటరు. డొమిషియన్ చక్రవర్తిగా ఉన్న కాలంలో (81–96) పదవుల మెట్లెక్కి 88లో ప్రీటర్ అయ్యాడు. అంటే కోర్టు వ్యవహారాలు చూసే పెద్ద హోదా. 96 సెప్టెంబరులో డొమిషియన్‌ను అంతఃపురం వాళ్లే కుట్ర చేసి చంపారు. మరుసటి ఏడాది టాసిటస్ కాన్సల్ అయ్యాడు, అంటే సెనేటరు ఎక్కగలిగే అన్నిటికన్నా పై మెట్టు. తర్వాత ఆసియా ప్రాంతానికి గవర్నరుగానూ వెళ్లాడు. తన ఎదుగుదలలో డొమిషియన్ వాటా ఉందన్న సంగతి కాదననని తన మరో పుస్తకం ‘హిస్టరీస్’ మొదటి పేజీలోనే రాసుకున్నాడు. పోయిన నియంతను తిట్టినవాళ్లు ఆ రోజుల్లో రోమ్ నిండా ఉన్నారు. వాడిచ్చిన కుర్చీలో కూర్చున్నానని రాసినవాళ్లు తక్కువ.

ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఆయన కోపం ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుస్తుంది.

మొదటి అడుగు: ‘అగ్రికోలా’, అదీ వరసలో కాదు

98లో రాసిన ‘అగ్రికోలా’ ఆయన మామగారి జీవిత కథ. అగ్రికోలా బ్రిటన్‌కు ఏడేళ్లు గవర్నరుగా చేసి, 93లో చనిపోయాడు. పుస్తకంలో 46 చిన్న అధ్యాయాలు. రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

ముందు 1 నుంచి 3 అధ్యాయాలు చదివి, సరాసరి 39కి వెళ్లి చివరిదాకా చదవండి. మధ్యలోని బ్రిటన్ యుద్ధాలు తర్వాత చూసుకోవచ్చు.

మొదట్లో ఒక దృశ్యం ఉంటుంది. చక్రవర్తికి నచ్చని ఇద్దరు మనుషుల్ని పొగిడినందుకు ఇద్దరు రచయితల్ని చంపేశారు. పుస్తకాల్ని రోమ్ నడిబజారులో తగలబెట్టారు. అక్కడ టాసిటస్ అంటాడు: మరచిపోవడం కూడా నోరు మూసుకోవడమంత మన చేతిలో ఉన్న పనైతే, మాటతో పాటు జ్ఞాపకాన్ని కూడా పోగొట్టుకునేవాళ్లం. ఈ అధ్యాయంలోని పేర్లు ఇప్పుడు గుర్తుపెట్టుకోవద్దు. పెన్సిల్‌తో గీత గీసి వదిలేయండి, పని ఉంది.

42వ అధ్యాయం దగ్గర నెమ్మదించండి. అగ్రికోలాకు ఒక పెద్ద గవర్నరు పదవి రావాల్సిన వంతు వచ్చింది. డొమిషియన్‌కు ఇవ్వడం ఇష్టం లేదు, ఇవ్వనని చెప్పడమూ ఇష్టం లేదు. చక్రవర్తి మనసెరిగిన కొందరు అగ్రికోలా దగ్గరికొచ్చి ముందు విశ్రాంతి గొప్పదని పొగిడారు. తర్వాత కావాలంటే మేం మాట్లాడతామన్నారు. చివరికి ఒప్పించీ బెదిరించీ డొమిషియన్ ముందుకు లాక్కెళ్లారు. ఈ పదవి నాకొద్దు, మన్నించండి అని అగ్రికోలా వేడుకున్నాడు. డొమిషియన్ దర్జాగా విని, సరేనన్నాడు. అంతటితో ఆగలేదు. చేసిన ఈ మేలుకు అగ్రికోలా చేత కృతజ్ఞతలు కూడా చెప్పించుకున్నాడు. అలాంటి సందర్భాల్లో మామూలుగా ఇచ్చే జీతం మాత్రం ఇవ్వలేదు. ఇస్తే, తను వద్దన్నదాన్ని తనే కొనుక్కున్నట్టు కనిపిస్తుందని కాబోలు అంటాడు టాసిటస్. ఆ వెంటనే వచ్చే వాక్యం చాలా ప్రసిద్ధం: మనం ఎవరికి అన్యాయం చేశామో వాళ్లనే ద్వేషించడం మనిషి స్వభావం. ఈ వాక్యం విడిగా ఎక్కడ చూసినా మామూలు సూక్తిలా ఉంటుంది. ఆ జీతం గొడవ పక్కన పెట్టుకుని చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

45వ అధ్యాయంలో ఆయన ‘వాళ్లు’ అనడం మానేసి ‘మనం’ అంటాడు. డొమిషియన్ చంపించిన హెల్విడియస్‌ను జైలుకు ఈడ్చుకెళ్లింది మన చేతులే. సెనేసియో రక్తం చిందింది మన మీదే. ఇది అయ్యాక వెనక్కి వెళ్లి బ్రిటన్ భాగం చదవండి. 21వ అధ్యాయంలో బ్రిటన్లు రోమన్ దుస్తులు, స్నానశాలలు, విందులు మరిగిన సంగతి ఉంటుంది. తెలియనివాళ్లు దాన్ని నాగరికత అన్నారు, నిజానికి అది బానిసత్వంలో భాగం అంటాడు. ఇంగ్లీషు పాలన చూసిన దేశంలో పుట్టిన మనకు దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

రెండో అడుగు: ఒక కాగితం, ఎనిమిది పేర్లు

ఆనల్స్‌కు వెళ్లే ముందు కాగితం మీద చక్రవర్తుల్ని వరసగా రాసుకోండి: అగస్టస్, టిబేరియస్, కాలిగ్యులా, క్లాడియస్, నీరో. వాళ్ల పక్కన జర్మానికస్, సెజానస్, అగ్రిప్పినా. ఇంకెవరూ వద్దు. మిగతావాళ్లు వస్తారు, పోతారు, పోనివ్వండి.

పుస్తకం మొత్తం మనకు దక్కలేదని కూడా తెలిసి ఉండాలి. 1 నుంచి 6 పుస్తకాలు (5వది చాలావరకు పోయింది), తర్వాత 11 నుంచి 16 వరకు మిగిలాయి. కాలిగ్యులా పాలన పూర్తిగా గల్లంతు. మొదటి ఆరు పుస్తకాలు ఒకే ఒక్క పాత రాతప్రతి వల్ల బతికాయి. అది ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో ఉంది. ఎక్కడైనా 3.76 అని కనిపిస్తే 3వ పుస్తకం, 76వ అధ్యాయం అని అర్థం. ఈ అంకెలు ఏ అనువాదంలోనైనా ఒకటే. చర్చ్, బ్రాడ్రిబ్ చేసిన పాత ఇంగ్లీషు అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మైకేల్ గ్రాంట్‌ది సాఫీగా సాగుతుంది. ఉడ్‌మన్‌ది లాటిన్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి గరుకుగా తగులుతుంది. రెండోసారి చదివేటప్పుడు ఉడ్‌మన్‌ను తీసుకోండి.

మూడో అడుగు: రెండు గళ్ల నోటుబుక్

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. ఆనల్స్ 1వ పుస్తకంలో మొదటి 15 అధ్యాయాలు వారం రోజులు చదవండి. నోటుబుక్కులో నిలువుగీత గీసి, ఎడమవైపు రోమన్లు వాడిన మాట, కుడివైపు జరిగిన పని రాయండి.

అగస్టస్ సైనికుల్ని కానుకలతో, జనాన్ని ధాన్యంతో, అందర్నీ ప్రశాంతత తీపితో లోబరుచుకున్నాడని 1.2లో ఉంటుంది. ఎడమవైపు ‘శాంతి’ అని రాస్తే కుడివైపు ఏం రాయాలో మీకే తడుతుంది. 1.3లో పదవుల పేర్లన్నీ పాతవే అంటాడు. కాన్సల్ ఉన్నాడు, సెనేట్ ఉంది, ఎన్నికలూ ఉన్నాయి. చక్రవర్తులు రాకముందున్న రిపబ్లిక్‌ను కళ్లారా చూసినవాళ్లు ఎందరు మిగిలారు అని అక్కడే అడుగుతాడు. ఏదీ రద్దు కాలేదు. పేర్ల లోపల ఉన్నది మాత్రం ఖాళీ అయిపోయింది.

క్రీ.శ. 14వ సంవత్సరం ఆగస్టులో అగస్టస్ పోయాడు. 1.7 చూడండి: కాన్సళ్లు, సెనేటర్లు, దొరలు బానిసత్వంలోకి పరుగులు తీశారు. ఎంత గొప్ప ఇంటివాడైతే అంత దొంగవేషం, అంత తొందర. పాత చక్రవర్తి పోయినందుకు సంతోషంగానూ కనబడకూడదు, కొత్తవాడు వచ్చినందుకు దిగులుగానూ కనబడకూడదు. అందుకని ముఖాలు సర్దుకుని ఏడుపు, ఆనందం, శోకం, పొగడ్త అన్నీ కలిపి వాడారు.

తర్వాత సెనేట్ సమావేశం. ఇంత బరువు నేను మోయలేనంటాడు టిబేరియస్. అది నాటకమని అందరికీ తెలుసు. అయితే సెనేటర్లకున్న భయం ఒక్కటే అంటాడు టాసిటస్: తమకు అర్థమైనట్టు కనబడటం. అసీనియస్ గాలస్ అనే ఆయన మాత్రం లేచి, ‘సరే, రాజ్యంలో ఏ భాగం మీకు అప్పగించమంటారు?’ అని అడిగేశాడు. టిబేరియస్ కాసేపు మాట పడిపోయి అలా ఉండిపోయాడు.

దీనికి జంటగా 1.74 చదవండి. ఒక కేసులో టిబేరియస్ కోపం పట్టలేక, నేను కూడా బహిరంగంగా ఓటేస్తానన్నాడు. నైయస్ పీసో లేచాడు. ‘ఎన్నో వంతులో వేస్తారు, సీజర్? మొదట వేస్తే నేను దాన్నే అనుసరిస్తాను. చివర వేస్తే, తెలియక మీకు అడ్డం వేసేస్తానేమోనని భయం.’ బాస్ తన నిర్ణయం ముందే చెప్పేసి ‘ఇప్పుడు మీ అభిప్రాయాలు ఫ్రీగా చెప్పండి’ అనే మీటింగుల్లో నేను చాలాసార్లు కూర్చున్నాను. పీసోలా అడగడానికి ఎప్పుడూ నోరు రాలేదు.

ఇంకో పది అధ్యాయాలకు మీ నోటుబుక్ ఎడమ గడి పొగడ్తలతో నిండిపోతుంది. టిబేరియస్‌కే విసుగొచ్చింది. సెనేట్ నుంచి బయటికొస్తూ, బానిసలు కావడానికే పుట్టిన మనుషులు అని గ్రీకులో గొణుక్కునేవాడట (3.65). స్వేచ్ఛ అంటే గిట్టనివాడికి కూడా వీళ్ల దిగజారుడు వెగటు పుట్టించింది.

దారిలో 3.53 తగిలితే ఒక నిమిషం ఆగండి. ఆడవాళ్ల రత్నాల కోసం మన డబ్బు పరాయి జాతుల పాలవుతోందని టిబేరియస్ 22లో సెనేట్‌కు రాసిన ఉత్తరం అది. అగస్టస్, టిబేరియస్ బొమ్మలున్న రోమన్ నాణేలు మన తెలుగు నేలలో కూడా బయటపడ్డాయి. ఆయన తిట్టుకున్న డబ్బు ఎటు వచ్చిందో కొంతైనా తెలిసినట్టే.

నాలుగో అడుగు: రచయితను కూడా అనుమానించండి

కోపమూ పక్షపాతమూ లేకుండా రాస్తానని ఆనల్స్ మొదటి అధ్యాయంలో మాటిస్తాడు. నమ్మకండి. పూర్తిగా అపనమ్మకమూ వద్దు. పెన్సిల్‌తో రెండు గుర్తులు పెట్టుకుంటూ పోండి: జరిగిందని చెప్పిన చోట చుక్క, ‘అంటారు’, ‘కొందరి నమ్మకం’, ‘భయం వల్లో, సిగ్గు వల్లో’ అన్న చోట సున్నా. టిబేరియస్ అధ్యాయాల్లో సున్నాలు ఎన్నో చూస్తే ఆశ్చర్యపోతారు. రెండు కారణాలు చెప్పి, హీనమైనదాన్ని చివర పెట్టడం ఆయనకు అలవాటు. చదివాక మనకు గుర్తుండేది ఆ చివరిదే. ఆయన చెయ్యి తిరిగినతనం అక్కడే ఉంది, ఆయన అన్యాయమూ అక్కడే ఉంది.

మన అదృష్టం కొద్దీ సరిచూసుకోవడానికి రెండు కంచు ఫలకాలున్నాయి. 48లో గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) పెద్దల్ని సెనేట్‌లోకి తీసుకోవాలని క్లాడియస్ చేసిన ప్రసంగం ఫలకం మీద చెక్కారు. అది 1528లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో దొరికింది. ఆనల్స్ 11.24తో పక్కపక్కన పెట్టి చదవండి. కంచు మీది క్లాడియస్ దారి తప్పుతూ, పాత కథలు తవ్వుతూ, మధ్యలో తనను తానే పేరు పెట్టి పిలిచి, ‘నీ ప్రసంగం ఎటు పోతోందో ఇక పెద్దలకు చెప్పే సమయమైంది’ అంటాడు. టాసిటస్ క్లాడియస్ సూటిగా, గంభీరంగా మాట్లాడతాడు. వాదన మాత్రం అదే. అంటే ఈ పుస్తకాల్లో ప్రసంగాలన్నీ టాసిటస్ చేత్తో మళ్లీ కట్టినవని లెక్క.

రెండోది స్పెయిన్‌లో దొరికింది, 1996లో ప్రచురించారు. టిబేరియస్ దత్తపుత్రుడు జర్మానికస్ 19లో అంటియోక్‌లో చనిపోతే విషం పెట్టాడన్న నింద ఒకరి మీద పడింది. ఆయనే పైన ప్రశ్న అడిగిన పీసో. విచారణ నడుస్తుండగానే గొంతు తెగి శవమై కనిపించాడు. క్రీ.శ. 20వ సంవత్సరం డిసెంబరులో సెనేట్ చేసిన తీర్మానమే ఆ ఫలకం. అందులో చక్రవర్తి సహనానికీ న్యాయబుద్ధికీ దండాలే దండాలు. ఆయన తల్లి కోరిక మీద పీసో భార్యను వదిలేసిన సంగతి కూడా దాచకుండా గొప్పగా చెక్కించారు. టాసిటస్ 3వ పుస్తకంలో అదే సంగతి ఉంది. కాకపోతే టిబేరియస్ ఆమె తరఫున సిగ్గుపడుతూ మాట్లాడాడంటాడు. మీ నోటుబుక్కులో ఎడమ గడి, కుడి గడి అంటే ఇవే.

ఇక్కడే ఒక హెచ్చరిక. ‘ఎడారిని చేసి దానికి శాంతి అని పేరు పెడతారు’ అన్న వాక్యం మీరు వినే ఉంటారు. అది టాసిటస్ తీర్పు అన్నట్టు కోట్ చేస్తుంటారు. అగ్రికోలా 30లో రోమ్ మీద యుద్ధానికి దిగిన బ్రిటన్ నాయకుడు కాల్గాకస్ నోట ఆయన పెట్టిన మాట అది. ఎదుటి పక్షం అగ్రికోలా, అంటే తన సొంత మామగారు. ఆ సంగతి తెలిస్తే వాక్యం బలం తగ్గదు, పెరుగుతుంది.

ఐదో అడుగు: 14వ పుస్తకం ఒక్క బిగిన

వరసగా చదువుతూ పోతే 7వ పుస్తకం దగ్గర దారి తెగిపోతుంది. అక్కడ నిరాశపడకుండా నీరో కాలం నాటి 14వ పుస్తకానికి దూకండి. స్వేచ్ఛ గురించి ఆయన ఆలోచన మొత్తం, అందులోని చిక్కుతో సహా, ఇక్కడుంది.

59లో నీరో తన తల్లి అగ్రిప్పినాను చంపించాడు. సెనేట్ దేవుళ్లకు మొక్కులు చెల్లించే తీర్మానం చేసింది. త్రేసియా అనే సెనేటరు లేచి బయటికి నడిచాడు. టాసిటస్ చప్పట్లు కొడతాడనుకుంటాం. ఆయనేమో, త్రేసియా తన నెత్తికి ప్రమాదం తెచ్చుకున్నాడే గానీ ఇతరుల స్వేచ్ఛకు నాంది పలకలేదంటాడు (14.12). ఇది చల్లటి మాట. దీన్ని గుర్తు పెట్టుకుని 14.49కి రండి. మూడేళ్ల తర్వాత, చక్రవర్తి మీద వెటకారపు పద్యాలు రాసిన ఒకడికి మరణశిక్ష వేయబోతుంటే త్రేసియా వద్దని వాదించాడు. ఈసారి సెనేట్ ఆయన వెంట నడిచింది. త్రేసియా స్వేచ్ఛ మిగతావాళ్ల బానిసత్వాన్ని బద్దలు కొట్టింది అంటాడు టాసిటస్. మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య ఏం మారిందో మీరే తేల్చుకోవాలి, ఆయన చెప్పడు. ధిక్కారానికీ ఊడిగానికీ నడుమ ఒక దారి ఉందా అని 4.20లో లెపిడస్ అనే మెత్తటి మనిషిని చూసి అడిగిన ప్రశ్న కూడా ఇదే.

ఈ రెండింటి మధ్యలో ఉన్న 14.42 నుంచి 45 వరకు దాటేయకండి. 61లో రోమ్ నగరాధికారిని అతని బానిసే చంపాడు. ఇంట్లో ఉన్న బానిసలందర్నీ చంపాలని పాత ఆచారం. ఆ ఇంట్లో 400 మంది, ఆడవాళ్లూ పిల్లలూ సహా. భయం లేకపోతే వీళ్లను అదుపులో పెట్టలేమని గయస్ కాసియస్ వాదించాడు. ఎదురుగా లేచి మాట్లాడేవాడు లేడు, గొణుగుడు మాత్రం వినిపించింది. బయట జనం రాళ్లు, కాగడాలు పట్టుకొచ్చారు. నీరో దారి పొడవునా సైనికుల్ని నిలబెట్టి 400 మందినీ చంపించాడు. చక్రవర్తి మీద పద్యాలు రాసిన పెద్దమనిషిని కాపాడుకున్న సెనేట్ ఇదే. టాసిటస్ స్వేచ్ఛ అన్నప్పుడు ఎవరి స్వేచ్ఛ అన్నది ఇక్కడ అడగాల్సిన ప్రశ్న. ఆయన ఆ ప్రశ్న వేసుకోలేదనే నా అభిప్రాయం. కానీ జరిగిందాన్ని దాచకుండా రాసిపెట్టాడు.

ఆరో అడుగు: చెప్పనివాటిని చదవండి

ఇది చిన్న అడుగు. 4.34, 4.35 చదవండి. జూలియస్ సీజర్‌ను చంపినవాళ్లలో బ్రూటస్‌ను పొగిడి, కాసియస్‌ను (పైన చెప్పిన కాసియస్ కాదు) రోమన్లలో ఆఖరివాడు అన్నందుకు 25లో క్రెముటియస్ కోర్డస్ అనే చరిత్రకారుడి మీద కేసు పెట్టారు. ఆయన తిండి మానేసి చనిపోయాడు. పుస్తకాలు తగలబెట్టమన్నారు. కొన్ని దాక్కుని బతికాయి. ఆ వెంటనే 3.76కు వెనక్కి వెళ్లండి. కాసియస్ భార్య, బ్రూటస్ చెల్లెలు అయిన జూనియా అంతిమయాత్ర అది. ఇరవై గొప్ప వంశాల పూర్వీకుల ప్రతిమలు ముందు నడిచాయి. బ్రూటస్, కాసియస్‌ల ప్రతిమలు లేవు. లేవు కాబట్టే అందరికంటే వాళ్లే వెలిగిపోయారంటాడు.

చివరి అడుగు: 16వ పుస్తకం, తర్వాత మళ్లీ మొదటికి

66లో త్రేసియా వంతు వచ్చింది. సెనేట్‌కు వెళ్లి వాదించాలా, ఇంట్లోనే ఉండాలా అని స్నేహితులు తర్జనభర్జన పడుతుంటే, వాళ్లలో ఒక కుర్రాడు ఆవేశంగా లేచాడు. అప్పుడతను ట్రిబ్యూన్, తీర్మానాన్ని అడ్డుకునే అధికారం ఉంది. నేను అడ్డుకుంటానన్నాడు. త్రేసియా ఆపాడు: దానివల్ల నాకు లాభం లేదు, నీ ప్రాణం పోతుంది. నా బతుకు అయిపోయింది, నీ పదవులు ఇప్పుడే మొదలయ్యాయి (16.26). తర్వాత నరాలు కోసుకుని, రక్తాన్ని నేల మీద చిలకరించి, విముక్తినిచ్చే జూపిటర్‌కు ఇది నైవేద్యం అన్నాడు. ఆ తర్వాత కాసేపటికే, ఒక వాక్యం మధ్యలోనే రాతప్రతి ఆగిపోతుంది.

ఇప్పుడు ‘అగ్రికోలా’ రెండో అధ్యాయం తీసి, మొదట గీత గీసి వదిలేసిన పేర్లు చూడండి. త్రేసియాను పొగుడుతూ రాసినందుకు 93లో ప్రాణం పోగొట్టుకున్న రచయిత పేరు అరులేనస్ రుస్టికస్. ఆ కుర్రాడే.